నవ్వకుండా జారవలెను

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని ఆ అడవివాళ్ళే చెప్పుకునేవాళ్ళు, పక్క అడవివాళ్ళు ఎప్పుడూ ఒప్పుకోలేదు, అక్కడొక జారుడుబండ ఉండేది.

కొండ నెత్తిన పుట్టిన వాగొకటి నల్లటి రాతిమీద పల్చగా పరుచుకుని ఇరవై బారల కిందున్న మడుగులో పడేది. పైకెక్కి ఐదారుగురు ఒకరి నడుం ఒకరు పట్టుకుని కూచోవడం, వెనకాలవాడు ఒక్క తోపు తొయ్యడం, అంతే. కళ్ళు తెరిచేసరికి మడుగులో ఉంటారు. కళ్ళు తెరిచి జారినవాళ్ళు ఆ అడవిలో ఇంతవరకూ లేరు.

ఆ బండకి ఒక కమిటీ ఉంది. దానికి గవరయ్య గారనే ఎలుగుబంటి అధ్యక్షుడు. ఆ గవరయ్య గారికే కొండవాలులో అద్దెకిచ్చే గుహలు పదకొండు ఉన్నాయి. ఎలుగు వాసనకి వాటిల్లో ఎవరూ దిగేవాళ్ళు కాదు. ఒక వేసవిలో కమిటీ కూచుని బాగా ఆలోచించి, గుహల్లో బస చేసినవాళ్ళకి జారుడుబండ మీద 'ముందు జాము' ఇవ్వాలని తీర్మానించింది. తెల్లారింది మొదలు ఎండ బండమీదకి ఎక్కేదాకా వాళ్ళే జారాలి. ఆ తర్వాత కూడా వాళ్ళకి వేరే లైను. బస లైనులో ఒక్క ప్రాణి నిలబడి ఉన్నా మామూలు లైను కదలడానికి వీల్లేదు.

అధ్యక్షుడూ గుహల యజమానీ ఒకరే కావడం కేవలం కాకతాళీయమని అదే రోజు ఇంకో తీర్మానం కూడా చేశారు.

ఇక చూడండి, ఎలుగు వాసన గుహలు రెండేసి తేనెపట్టులకి తక్కువ దొరకడం మానేశాయి.

అలాంటి రోజుల్లో కంటకమ్మ అనే ఏదుపంది, మూడు రోజుల దారి నడిచి, కూతురు నూగుని వెంటబెట్టుకుని ఆ బండ దగ్గరికి వచ్చింది.

ఏదుపందికి ఒళ్ళంతా ముళ్ళని మీకు తెలుసు. పుట్టినప్పుడు మాత్రం అవి ముళ్ళు కావు, గడ్డిపోచల్లాగా మెత్తగా ఉంటాయి. ఆ మెత్తదనం కొన్నాళ్ళే. ఆ కొన్నాళ్ళలోనే కంటకమ్మ చిన్నప్పుడు ఒకసారి ఈ బండమీద జారింది. ముందు ఒక జింకపిల్ల, వెనక ఒక కుందేలు, మధ్యలో తను. కుందేలు తన వీపుకి ముఖం ఆనించి కిసకిసా నవ్విన వెచ్చదనం ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఆవిడ వీపుని ఎవరూ తాకలేదు. మొగుడు కూడా చూసుకుని చూసుకునే మసిలాడు.

కూతురికి ఆ ఒక్కసారి దక్కాలి. కంటకమ్మకి కావలసింది అంతే.

గేటు దగ్గర వీరాస్వామి అనే ముంగిస నిలబడి ఉన్నాడు. చేతిలో లేత మోదుగాకు.

"ముళ్ళ జాతా? ఇలా తిరుగు పాపా" అని నూగు వీపుకి ఆకు వేసి నొక్కాడు. ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. "చిల్లు లేదు. వెళ్ళొచ్చు. చిల్లు పడితే మాత్రం లోపలికి రానివ్వను, ముందే చెప్తున్నా. వెనకాల కూచున్నవాళ్ళకి గుచ్చుకుంటుంది."

"న్యాయమే బాబూ" అంది కంటకమ్మ. ఆ రూలు ఆవిడకి నిజంగానే న్యాయంగా తోచింది.

మామూలు లైనులో వాళ్ళ ముందు అప్పలనరసమ్మ అనే అడవిపంది, ఏడుగురు పిల్లలతో నిలబడి ఉంది. తల్లీ పిల్లలూ అప్పుడే బురదగుంటలోంచి లేచి వచ్చినట్టు కారుతున్నారు. నిజంగా అప్పుడే లేచి వచ్చారు కూడా.

"ఎక్కడ్నించి వచ్చినావమ్మా?"

"మూడు రోజుల దారి అక్కా."

"ఒలమ్మో! మూడు రోజులు నడిసినావా? ఇక్కడింకో మూడు రోజులు నిలబడాల. ఆ తీగ అవతల సూడు."

తీగ అవతల బస లైను. పొద్దున జారినవాళ్ళే మళ్ళీ వస్తున్నారు, మళ్ళీ జారుతున్నారు. ఒక దుప్పి ఆరోసారి. ఒక అడవిదున్న తొమ్మిదోసారి. కాస్త విసుగ్గా కూడా ఉన్నట్టున్నాడు గానీ, రెండు తేనెపట్టులు ఇచ్చినందుకు గిట్టుబాటు కావద్దూ?

సాయంత్రానికి మామూలు లైను పదకొండు అడుగులు కదిలింది. చిరుతలు తిరిగే వేళవుతోందని గేటు మూశారు.

కంటకమ్మ నేరుగా గవరయ్య గారి దగ్గరికే వెళ్ళింది. ఆయన గుహ ముందు కూచుని పట్టులోంచి తేనె నాకుతున్నాడు.

"అయ్యా, మాకు ఒక్కరోజు బస ఇప్పించండి. తేనె లేదు. తవ్వడం వచ్చు. కావాలంటే మీకు ఇంకో గుహ తవ్విపెడతాను."

"ముళ్ళవాళ్ళకి బస లేదమ్మా. గడ్డిపరుపు చిరిగిపోతుంది."

"మరి మా పిల్ల జారేదెప్పుడు? ఇవాళంతా నిలబడ్డాం. ముందు జాము ముందు జాము అంటూ రోజంతా వాళ్ళే జారారు. ఇదేం న్యాయమండీ?"

గవరయ్య గారు నొచ్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరైనా న్యాయం అనే మాట ఎత్తితే నిజంగానే నొచ్చుకునేవాడు.

"చూడమ్మా, ఆ మడుగు కట్ట ఎవరు వేయించారు? వచ్చే తేనెలోంచి నేను వేయించాను. ఆ కట్ట లేకపోతే మీరు జారి రాళ్ళమీద పడేవాళ్ళు. బస చేసినవాళ్ళకి ముందు, చెయ్యనివాళ్ళకి తర్వాత. జాతి చూశామా? కులం చూశామా? ఎవరైనా బస చెయ్యొచ్చు."

"నేను చెయ్యొచ్చా?"

"నువ్వు తప్ప ఎవరైనా" అన్నాడు గవరయ్య గారు ఎంతో మృదువుగా.

రెండోరోజు పొద్దున వీరాస్వామి మోదుగాకు నొక్కి చూస్తే రెండు గాట్లు కనిపించాయి. చిల్లులు కావు. "ఇవాళే చూసుకోండి మరి" అన్నాడు. ఆ మాట జాలితోనే అన్నాడు. కానీ గేటు దగ్గర నిలబడ్డవాడి జాలి లైనుని ఒక్క అడుగు కూడా కదపలేదు కదా.

మధ్యాహ్నం కావస్తుండగా బస లైనులోంచి కేక వినిపించింది.

"ఛీ ఛీ! ఏమిటండీ ఈ బురద!"

కేక వేసింది సుగంధవల్లి గారు. పునుగుపిల్లి. ఆవిడ నడిచిన దారంతా పరిమళం. ఆవిడ తోకకి ఇంత బురద అంటుకుంది. తోక ఎత్తి పట్టుకుని, తీగ దగ్గరికొచ్చి అప్పలనరసమ్మని కిందనుంచి పైదాకా చూసింది.

"మీరు జారిన చోట మేం జారాలా? రెండు పట్టులిచ్చి బస చేసింది ఇందుకా?"

"నానెక్కడ జారినానమ్మా? రెండు రోజుల్నుంచి నిలబడే ఉన్నాను. మొన్న నాలుగోవంతు పొద్దుండగా ఒక్కపాలి జారినాను. అదే నీ తోకకి అంటింది గావాల."

"మాకు ముందు జాము ఉంది. అది మా హక్కు. అంత బాధగా ఉంటే మీరూ బస చెయ్యండి. ఎవరొద్దన్నారు?"

అప్పలనరసమ్మ నవ్వింది. "ఒకమాట సెప్పమ్మా. ఆ ముందు జాము గవరయ్య బాబు ఆళ్ళింట్లోంచి తెచ్చి ఇచ్చినాడా నీకు? నా పొద్దు కోసి ఇచ్చినాడు. ఈ ఏదమ్మ పొద్దు కోసి ఇచ్చినాడు. నువ్వు తేనె ఇచ్చింది ఆయనకి, పుచ్చుకుంది మా దగ్గర్నుంచి."

మామూలు లైనులో ఎవరో చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళెవరని వీరాస్వామి తిరిగి చూసేసరికి అందరూ మబ్బులు చూస్తున్నారు.

జవాబు చెప్పలేనివాళ్ళు ఫిర్యాదు చేస్తారు. సుగంధవల్లి గారు ఫిర్యాదు చేసింది. గవరయ్య గారు వెంటనే ఉత్తర్వు వేశాడు: బురద జాతులు జారిన బండని సాయంత్రం పూట శుభ్రంగా కడగవలెను.

ఆ సాయంత్రం గేటు మూసే ముందే కోతులు ఇరవైమంది దిగి, చెట్టుబెరడు పీచుతో బండని పైనుంచి కిందిదాకా తోమారు. రాయి రాయిలా మెరిసింది. అంతకుముందు ఆ రాయికి గరుకు ఉందని ఎవరికీ తెలియదు.

మూడోరోజు తెల్లవారింది. ముందు జాము మొదలైంది.

మొదట అడవిదున్న దొర కూచున్నాడు. వెనక దుప్పి, దుప్పి వెనక సుగంధవల్లి గారు, ఇంకో ఇద్దరు. వెనకాలవాడు తోశాడు. కదల్లేదు. ఇంకొకడు తోశాడు. రెండు బారలు గీసుకుంటూ వెళ్ళి సగంలో ఆగిపోయారు. దున్న కడుపు చెక్కుకుపోయింది. సుగంధవల్లి గారి తోక కింద పరిమళం ఉండే చోటు కాస్తా ఎర్రగా కందింది. ఆవిడ అరుపుకి కొండ అవతల నెమళ్ళు వర్షమనుకుని అరిచాయి.

వాళ్ళని తాళ్ళు వేసి లాగేసరికి ఎండ బండమీదకి ఎక్కింది. బండ మరమ్మతులో ఉందని గేటుకి అడ్డంగా కర్ర పెట్టేశారు.

మామూలు లైనులో అప్పలనరసమ్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"నీకు నవ్వెలా వస్తోందక్కా?" అంది కంటకమ్మ గేటు బయటినుంచి, ఏడుపు గొంతుతో.

"ఎర్రిదానా, ఇన్నాళ్ళూ జారింది నీళ్ళకనుకున్నావా? మా బురదకి. ఈరోజు మాం జారిపోతే, ఆ జిగటమీద ఆళ్ళు మర్నాడు ముందు జాము జారేవోళ్ళు. కడిగేసుకున్నారు. ఇప్పుడు జారమను సూద్దాం!"

కంటకమ్మకి నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పొద్దున వీరాస్వామి నొక్కిన మోదుగాకుకి మూడు చిల్లులు పడ్డాయి. అతను ఆకుని ఆవిడకి చూపించి మడిచి పారేశాడు.

"అమ్మా, ఇంటికెళ్ళిపోదామా?" అంది నూగు.

"కాసేపుండు తల్లీ" అంది కంటకమ్మ. ఎందుకుండమందో ఆవిడకే తెలియదు. లైనులో నిలబడ్డం అలవాటైపోయింది.

కొండమీద గవరయ్య గారి ముందు అతిథులందరూ ఒళ్ళు చూపిస్తూ నిలబడ్డారు. ఆయన తల పట్టుకున్నాడు. ఎవరో కోతి ఆయన చెవిలో బురద సంగతి చెప్పింది. ఆయన ముఖం వెలిగింది. సాయంత్రానికల్లా వీరాస్వామి గేటు ముందు నిలబడి కొత్త ఉత్తర్వు చదివాడు.

"రేపటినుంచి బురద సేవ! బురద జాతులు ముందు జాముకంటే ముందే వచ్చి, మనిషికి పది... అదే, జంతువుకి పదిసార్ల చొప్పున జారి, అతిథుల నిమిత్తం బండని జిగటగా చెయ్యవలెను. ఇది సేవ, వినోదం కాదు. కాబట్టి సేవ చేసేవారు కేకలు వెయ్యరాదు. చేతులు పైకెత్తరాదు. నవ్వకుండా జారవలెను."

ఉత్తర్వు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"అంటే... ఆళ్ళకంటే ముందు మాం జారాలా?" అంది అప్పలనరసమ్మ మెల్లగా.

"జారాలి. తప్పదు. రాకపోతే చర్య తీసుకుంటారు."

"అయ్యో, ఎంత కష్టమొచ్చింది బాబూ!" అని ఆవిడ ముఖం అటు తిప్పుకుంది. వీపు ఊగడం చూసి వీరాస్వామి ఏడుస్తోందనుకున్నాడు.

కంటకమ్మ ముందుకొచ్చింది. "బాబూ, ఈ సేవకి ఆకు పరీక్ష ఉందా?"

వీరాస్వామి ఉత్తర్వుని తిరగేసి చూశాడు. అటూ ఇటూ చూశాడు. "పరీక్ష సందర్శకులకమ్మా. పనిచేసేవాళ్ళకి ఏం గుచ్చుకుంటే మాకెందుకు?"

"అయితే మా పిల్లని రాసుకోండి."

"ముళ్ళ జాతికి బురదెక్కడిది?"

"నాను పూస్తాను గదేటి! అరసేతి మందం పూస్తాను. మా పిల్లగుంటల తోలు మందవే, కుచ్చుకుంటే కుచ్చుకోనీ" అంది అప్పలనరసమ్మ.

నాలుగోరోజు తొలిపొద్దున బురదగుంట దగ్గర నూగుకి తలనుంచి తోకదాకా బురద పట్టించారు. ముళ్ళు ఎక్కడున్నాయో కనబడలేదు. ముందు ముగ్గురు పందిపిల్లలు, వెనక నలుగురు, మధ్యలో నూగు. వెనకనున్న పిల్ల నూగు నడుం గట్టిగా పట్టుకుని వీపుమీద గడ్డం ఆనించింది.

కంటకమ్మ కింద మడుగు ఒడ్డున నిలబడింది. పక్కనే వీరాస్వామి, ఎవరైనా నవ్వుతారేమోనని కళ్ళు పెద్దవి చేసి.

మొదటిసారి జారారు. నూగు పెదాలు బిగబట్టి, శిక్షకి నిలబెట్టిన పిల్లలాగా ముఖం పెట్టుకుని మడుగులో పడింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. పందిపిల్లలు కూడా బుగ్గలు ఉబ్బించుకుని, ఊపిరి బిగబట్టి, వరసగా పడుతున్నారు. అప్పలనరసమ్మ ముందే బెదిరించింది మరి: నవ్వారో, రేపు ఈ సేవ ఉండదు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది.

కంటకమ్మ మడుగు అంచుదాకా జరిగింది. మూడు రోజులు నడిచింది ఇందుకా? పిల్ల జారింది. తొమ్మిదిసార్లు జారింది. ముందు జాము కంటే ముందు, దొరలకంటే ముందు జారింది. కానీ ఇంటికెళ్ళాక దీనికి గుర్తుండేది బిగబట్టిన పెదాలేనా? పైనుంచి వస్తూండగా బురద కూడా పల్చబడుతోంది. ముళ్ళ కొనలు అక్కడక్కడా పైకి లేస్తున్నాయి. ఇంకోసారి లేదు. పదోది, అంతే.

అటు కొండదారిలో ముందు జాముకి దిగుతున్న అతిథుల అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

నూగు పైకెక్కి కూచుంది. వెనకనుంచి తోశారు.

"నవ్వవే తల్లీ!" అని అరిచింది కంటకమ్మ. "ఏమైతే అయింది, నవ్వు!"

అంతే. నూగు నవ్వింది. సగం బండ దగ్గర మొదలైంది ఆ నవ్వు. వెనకనున్న పందిపిల్లకి అంటుకుంది, ముందువాళ్ళకి అంటుకుంది. ఎనిమిదిమందీ తొమ్మిదిసార్ల నవ్వు కూడబెట్టుకుని ఉన్నారేమో, కేకలూ కిసకిసలూ కలగలిసి, చేతులు పైకెత్తేసి, ఒకరిమీద ఒకరు దొర్లుకుంటూ మడుగులో పడ్డారు. వెనకున్న పిల్లకి ముక్కుమీద రెండు ముళ్ళు దిగాయి. అది చూసుకుని ఇంకా నవ్వింది.

కొండదారిలో అడుగులు ఆగిపోయాయి.

"ఎవరక్కడ నవ్వింది?" గవరయ్య గారి గొంతు.

అప్పలనరసమ్మ ముందుకొచ్చి చేతులు కట్టుకుంది. "నవ్వు కాదు బాబూ, ఏడుపే. మా జాతి ఏడుపు అలగే ఉంటది."

"అబద్ధం!" సుగంధవల్లి గారు అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. కందిన చోట ఆకు పసరు పూసుకుని ఉంది. "అది నవ్వే. నాకు తెలుసు. నేను బస చేసి అయిదు రోజులైంది. ముప్పైసార్లు జారాను. నాకు ఒక్కసారి కూడా అలాంటి నవ్వు రాలేదు."

అతిథులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరికీ వచ్చినట్టు లేదు.

"అసలైనది వీళ్ళకిస్తున్నారన్నమాట! మాకంటే ముందు! ఉచితంగా!" అన్నాడు అడవిదున్న.

"అది సేవండీ, శ్రమ..." అన్నాడు గవరయ్య గారు.

"ఆ శ్రమే మాకు కావాలి!"

మధ్యాహ్నానికి పదకొండు గుహలూ ఖాళీ. అడవిలో పేరున్న ప్రాణులన్నీ బురదగుంట దగ్గర తోసుకుంటున్నాయి. "నేను ముందొచ్చాను" అని దుప్పి. "నాకు వీపున అంటలేదు, జరగండి" అని దున్న. సుగంధవల్లి గారు చెవుల్లోకి కూడా బురద పోసుకుంది. నలభై రెండుమంది బురద సేవకి పేర్లు ఇచ్చారు. పేర్లు ఇచ్చినవాళ్ళందరూ పెద్దవాళ్ళే కాబట్టి కాదనే ధైర్యం గవరయ్య గారికి లేకపోయింది. ఇచ్చిన తేనె మాత్రం వాళ్ళు వెనక్కి అడిగారు. అది ఆయన కడుపులో ఉంది.

పందుల పేర్లు కొట్టేశారు. చోటు చాల్లేదట.

అయిదోరోజు పొద్దున బురద సేవ మొదలైంది. ఉత్తర్వు ఉత్తర్వే. వీరాస్వామి మడుగు ఒడ్డున కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డాడు. నలభై రెండుమంది ప్రముఖులు, తలకి పదిసార్ల చొప్పున, పెదాలు బిగబట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నవ్వకుండా జారారు. ముందు జాము వచ్చింది. దానికి అతిథులెవరూ మిగల్లేదు. బస లైనులో ఒక్క ప్రాణి లేదు. రూలు ప్రకారం మామూలు లైను కదలొచ్చు. కదిలింది. పొద్దెక్కేసరికి అప్పలనరసమ్మ పిల్లలు మూడుసార్లు జారి, నాలుగోసారికి పరిగెడుతున్నారు.

నూగు ఆ లైనులో లేదు. రాత్రికి రాత్రి ముళ్ళు గట్టిపడ్డాయి. పొద్దున్నే నిద్రలేచి ఒళ్ళు విదిలిస్తే గలగలమని చప్పుడైంది. ఆ చప్పుడు విని అది కాసేపు కదలకుండా కూచుంది. తర్వాత లేచి అమ్మకి గుచ్చుకోకుండా కాస్త దూరం జరిగి నడవడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు, అదే జరిగింది.

కంటకమ్మ చూసి చూడనట్టు నడిచింది.

బురద సేవ ఇంకా సాగుతూండగానే, మలుపు తిరిగేచోట నూగు ఆగి వెనక్కి చూసింది. బండమీద పెద్దలు వరసగా, గంభీరంగా, ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు.

"అమ్మా, వాళ్ళకేమైంది? ఎవరైనా పోయారా?"

"లేదమ్మా. సంతోషంగా ఉండడానికి వచ్చారు."

దీన్నిబట్టి మనం గ్రహించవలసిందేమంటే: పెద్దలకంటే ముందు సుఖపడే యోగం ఎప్పుడైనా పడితే ముఖం వేలాడేసుకునే అనుభవించాలి, లేకపోతే మన కష్టాన్ని కూడా వాళ్ళే పడతామంటారు.